రెప్ప ఆపరేషన్ తర్వాత నిద్రలో కన్ను పూర్తిగా మూతపడటం లేదు

మా అమ్మకి 64 ఏళ్ళు, ఉండేది గుంటూరు. ఎడమ కంటి పైరెప్ప నల్లగుడ్డు మీదకి వాలిపోయి, గడ్డం పైకెత్తితే తప్ప ఎదురుగా ఉన్న మనిషి కనపడేవాడు కాదు. రక్తపరీక్షలో మయస్తీనియా (కండరాలు త్వరగా అలిసి బలహీనపడే జబ్బు) లేదన్నాకే విజయవాడలో రెప్పనెత్తే కండరాన్ని బిగించారు. ఆరు వారాలైంది. చూపు బాగుంది, అది మాత్రం పెద్ద ఊరట.

కానీ నిద్రలో రెప్పల మధ్య సుమారు 2 మి.మీ. సందు, అందులోంచి తెల్లగుడ్డు కనిపిస్తూనే ఉంటుంది. పొద్దున లేచేసరికి కన్ను ఎర్రగా, ఇసుక పడ్డట్టు గరగర. పగలు కన్ను తడిగా ఉంచే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు, పడుకునేముందు ఆయింట్‌మెంట్ వేస్తున్నాం. పేపర్ టేప్ అంటిస్తే ఈ ఉక్కకి అర్ధరాత్రికే ఊడిపోతోంది. డాక్టరు గారు ఇంకొన్నాళ్ళు ఆగమంటున్నారు. నల్లగుడ్డు ఎండి పుండు పడుతుందేమోనని నా భయం.

ఇదే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో, మీకు కన్ను దానంతటదే పూర్తిగా మూతపడటానికి ఎన్నాళ్ళు పట్టింది?