ప్రిసిల్లా ముల్లిన్స్ తల్లి పుట్టింటి పేరు ఎలా పట్టుకోవాలి?

అందరికీ నమస్కారం. మా కోడలిది మసాచుసెట్స్. మేఫ్లవర్ ఓడలో 1620లో ఇంగ్లండు నుంచి అమెరికా వచ్చిన ప్రిసిల్లా ముల్లిన్స్ సంతతి తామని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. మనవరాలు స్కూల్ ప్రాజెక్ట్ కోసం వంశవృక్షం గీయమంది, నేనేమో అందులో పీకల్దాకా మునిగిపోయాను.

ప్రిసిల్లా నుంచి కిందికి రావడం తేలికే, జాన్ ఆల్డెన్‌తో పెళ్ళి, పది మంది పిల్లలు, ఐదు తరాల దాకా అచ్చైన పుస్తకాలే ఉన్నాయి. చిక్కంతా పైకి వెళ్ళడంలోనే. తండ్రి విలియం ఇంగ్లండులో సర్రే ప్రాంతం డోర్కింగ్‌లో చెప్పుల వ్యాపారి. 1621లో చనిపోతూ నోటితో చెప్పిన వీలునామాలో 21 డజన్ల చెప్పులు, 13 జతల బూట్ల లెక్క కూడా ఉంది! భార్య మాత్రం ఉత్త ఆలిస్. (మన వంశవృక్షాల్లోనూ ఆడవాళ్ళ గతి ఇంతే కదా.) తల్లీ తండ్రీ తమ్ముడూ మొదటి చలికాలంలోనే పోయారు కాబట్టి అమెరికా కాగితాల్లో వెతికి లాభం లేదు.

ఆన్‌లైన్ వంశవృక్షాల్లో చాలామంది ఆలిస్ అట్‌వుడ్ అని రాసేస్తున్నారు, ఆధారం అడిగితే ఇంకో వంశవృక్షం చూపిస్తారు. దీనికి చర్చి రిజిస్టర్ లాంటి అసలు రుజువు ఎవరైనా చూశారా? వోకింగ్‌లోని సర్రే హిస్టరీ సెంటర్‌కి దగ్గర్లో ఉన్న తెలుగువాళ్ళెవరైనా అక్కడ పాత రికార్డులు ఎలా అడగాలో చెప్తారా? ఇంకోటి, అప్పట్లో ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కదా, అంటే ఫిబ్రవరి పాత సంవత్సరం లెక్కలోకే వచ్చేది; మరి ఫిబ్రవరి తేదీలకు మీరు ఏ సంవత్సరం వేస్తున్నారు?