15 వేలలో ఆర్‌ఎక్స్ 100కి స్ట్రోకర్ క్రాంకు చేయించవచ్చా?

పటమట_ఆర్‌ఎక్స్:
అన్నలూ, నాది 1994 యమహా ఆర్‌ఎక్స్ 100. కనెక్టింగ్ రాడ్ పోయింది, ఎలాగూ క్రాంకు (రాడ్‌ని తిప్పే ఇరుసు) విప్పాలి. ఆ పనిలో పనిగా ఆఫ్‌సెట్ పిన్ను (రాడ్ తగిలించే పిన్ను, మధ్య నుంచి కొంచెం పక్కకి జరిపింది) వేయించి స్ట్రోకు, అంటే పిస్టన్ నడిచే దూరం, 50 మిల్లీమీటర్ల నుంచి 54కి పెంచుదామని ఉంది. చేతిలో 15 వేలే ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఎవరైనా చేయించారా?

లేత్_బాబాయి:
తమ్ముడూ, ముందు లెక్క చూడు. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 50, స్ట్రోకు 50 అయితే 98 సీసీ. స్ట్రోకు 54 చేస్తే 106. ఎనిమిది సీసీ కోసం ఇంత పనా? పిన్ను 2 మిల్లీమీటర్లు జరిపితే పిస్టన్ పైకి 2, కిందికి 2 ఎక్కువ నడుస్తుంది. హెడ్డుకి కొట్టుకోకుండా బ్లాకు కింద ప్లేటు వేయాలి, రాడ్ అడుగు కేసుకి తగిలితే లోపల గీకాలి, పిస్టన్ అంచు కింద క్రాంకుకి తగలకుండా చూడాలి. పైగా పోర్టులు (సిలిండర్‌లో గ్యాసు దారులు) ముందే తెరుచుకుంటాయి కాబట్టి పై స్పీడులో లాగుతుంది గానీ నీకు కావాల్సిన కింద పుల్లింగ్ అంతగా రాదు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో అది దేనికి? స్టాండర్డ్‌గా కట్టించుకో.

గుంటూరు_2స్ట్రోక్:
బాబాయి గారూ, 8 సీసీ అని తేల్చేశారేంటి? ఆర్‌ఎక్స్ 135 బండి బ్లాకు బోరు 58. దానికి 54 స్ట్రోకు కలిస్తే 142 దాటుతుంది.

లేత్_బాబాయి:
ఆ బ్లాకు, పిస్టన్, హెడ్డు 15 వేలలోనే వస్తాయా? అతను అడిగింది చదివావా అసలు?

మంగళగిరి_రైడర్:
ఇంజిన్ మార్పుకి ఆర్టీవో అనుమతి కావాలి. 2019 సవరణ తర్వాత అనుమతి లేకుండా మారిస్తే ఓనరుకి ఒక్కో మార్పుకి 5 వేలు జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు కూడా వేయొచ్చు. అదీ లెక్కలో వేసుకో.

కృష్ణలంక_వాసు:
బండి ఏ రంగు తమ్ముడూ? ఫోటో పెట్టు.

గుంటూరు_2స్ట్రోక్:
నేను పోయినేడాది ఆఫ్‌సెట్ పిన్ను వేయించా. 300 కిలోమీటర్లకే బేరింగ్ అరిచింది. విప్పి చూస్తే క్రాంకు వంకర. తప్పు 54ది కాదు, ప్రెస్సులో పెట్టి క్రాంకు బిగించినవాళ్లది. చేతకాని వాళ్లే 8 సీసీ, 8 సీసీ అని లెక్కలు చెప్పి వద్దంటారు.

లేత్_బాబాయి:
చేతకాక అన్నావు కాబట్టి చెబుతున్నా. 26 ఏళ్లుగా క్రాంకులు కొడుతున్నా. సైలెన్సర్‌కి వేలు పోసేవాడు కూడా ట్రూయింగ్, అంటే క్రాంకు వంకర లేకుండా సరిచేసే పని దగ్గర బేరమాడతాడు. పూట పట్టే పనిని గంటలో ఇవ్వమంటాడు. క్రాంకు పాడయ్యాక షాపు ముందు నిలబడి అరిచేది మాత్రం నా మీద. నేను వద్దన్నది 8 సీసీ గురించి కాదయ్యా. 15 వేలలో కోత పడేది నా కూలీ దగ్గరే, చెడితే పోయేది నా పేరే.

గుంటూరు_2స్ట్రోక్:
ఈ మాట మొదటే చెప్పాల్సింది. నేను బేరమాడలేదు, అడిగినంతా ఇచ్చా. డయల్ గేజు పెట్టి వంకర కొలత చూపించమంటే "మా మీద నమ్మకం లేదా" అన్నారు. డబ్బులిచ్చి కొలత అడగడం కూడా తప్పేనా? మూడు నెలలు బండి షెడ్డులోనే ఉంది, ఆఫీసుకి బస్సులో తిరిగా.

లేత్_బాబాయి:
చూపించకపోవడం తప్పే. ఎవరు చేసినా తప్పే.

పటమట_ఆర్‌ఎక్స్:
అన్నా, నాకు ఈ గొడవంతా తెలియదు. 54 వద్దులే, స్టాండర్డ్ పిన్నే వేయించుకుంటా. ట్రూయింగ్ నా ముందు చేస్తారా?

లేత్_బాబాయి:
రా. డయల్ ముల్లు నువ్వే చూసుకో. 0.03 మిల్లీమీటర్లు దాటి ఊగితే పైసా ఇవ్వొద్దు. సాయంత్రానికే కావాలని మాత్రం అడగొద్దు.

గుంటూరు_2స్ట్రోక్:
అయితే నా క్రాంకు కూడా తెస్తా బాబాయి గారూ. 54దే. తొందరేం లేదు, వారమైనా ఉంచుకోండి.