కడుపుతో ఉన్నప్పటి దిగులు: రక్తంలో ఉందా, చిన్నతనంలో పడిందా?

దేవరకొండ కోడలు:
మా యారాలికి ఆరో నెల. నిద్ర పట్టదు, ముద్ద దిగదు, ఊరికే ఏడుస్తుంది. మా అత్తమ్మ మాట ఒకటే: "వాళ్లమ్మకూ ఇట్లనే ఉండె, ఆ రక్తమే అంత." యారాలి చిన్నప్పుడు వాళ్ల నాయన తాగొచ్చి కొట్టేవాడు. తర్వాత అమ్మానాయన పుణెకు మట్టిపనికి పోతే అవ్వ దగ్గర పెరిగింది. నాకైతే అసలు కారణం అదే అనిపిస్తుంది.

మక్తల్ సారు:
అత్తమ్మ మాటను అంత తేలిగ్గా కొట్టెయ్యకండి. స్వీడన్‌లో కవలలను పోల్చి చూసిన పరిశోధన 2016లో వచ్చింది. కాన్పుకు ముందూ వెనకా వచ్చే డిప్రెషన్‌లో వారసత్వం వాటా 54 శాతం. అదే పరిశోధనలో అక్కచెల్లెళ్లను పోల్చితే దానికి 44 శాతం, మిగతా సమయాల్లో వచ్చేదానికి 32 శాతమే.

వనపర్తి నర్సమ్మ:
సార్, 54 అంటే ఈ అమ్మాయి ఏడుపులో సగం రక్తానిది అని కాదు. ఒక జనాభాలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల లెక్క అది. స్వీడన్ లెక్క తెచ్చి దేవరకొండలో ఒక్క కోడలికి అంటగట్టలేం. సెరటోనిన్‌కు సంబంధించిన ఒక జన్యువు, చిన్ననాటి కష్టాలు తోడైతే డిప్రెషన్ తెస్తుందని 2003లో పెద్ద పేరొచ్చింది. 2019లో లక్షల మంది సమాచారం చూస్తే ఆ మాట నిలబడలేదు. జన్యువులు బోలెడు, ఒక్కోదాని ప్రభావం గోరంత.
చిన్నతనం సంగతికొస్తే, 1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా బృందం చేసిన అధ్యయనం ఉంది. నాలుగు రకాల కష్టాలు, అంతకు మించి పడ్డవాళ్లకు తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం వంటి ముప్పులు ఏ కష్టమూ పడనివాళ్లకంటే 4 నుంచి 12 రెట్లు.

అచ్చంపేట తమ్ముడు:
గాలి సోకి ఉంటుంది, తాయెత్తు కట్టించండి.

వనపర్తి నర్సమ్మ:
కట్టించండి తమ్ముడూ, చెకప్ మాత్రం మానొద్దు.

మక్తల్ సారు:
అమెరికా వాళ్లు చెప్పింది పెద్దయ్యాక గుర్తు తెచ్చుకున్నదే కదా. దిగులుగా ఉన్న మనిషికి చేదే ముందు గుర్తొస్తుంది. ఇంకోటి, ఆ నాయన ఇచ్చినవి దెబ్బలే కాదు, రక్తమూ ఆయనదే. రెండింటినీ ఎట్ల విడదీస్తారు?

వనపర్తి నర్సమ్మ:
అది ఒప్పుకుంటా, విడదీయలేం. మరి అత్తమ్మ ఎట్ల విడదీసింది? తల్లికి ఉండేదన్న మాట డాక్టరుకు చెబితే పనికొస్తుంది, వంటింట్లో అంటే తిట్టవుతుంది. దిగులు కనిపెట్టే ఎడిన్‌బరా ప్రశ్నావళిలో 10 ప్రశ్నలుంటాయి, అన్నీ గడిచిన 7 రోజుల గురించే. చిన్నప్పటి సంగతి విడిగా అడగాలి, అదీ పక్కన అత్త లేనప్పుడు. అమ్మా, చచ్చిపోవాలని ఉందన్న మాట ఎప్పుడైనా అందా? అని ఉంటే చెకప్ దాకా ఆగొద్దు, ఈ రోజే దవాఖానకు తీసుకుపోండి. మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్ ఉంది, 14416కు రాత్రయినా ఫోన్ చేయొచ్చు.

దేవరకొండ కోడలు:
ఆ మాట అనలేదు సిస్టర్. రేపు చెకప్‌కు తీసుకుపోను గర్భిణుల సర్కారు బండి, 102, వస్తుంది. తోడు నేనే పోతున్నా. అత్తమ్మ వెంట రాకుండా, బత్తాయి తోటలో కోత ఉందని ఆమెకు మా ఆయనతో చెప్పించా.