డల్లాస్‌కి కొత్తగా వచ్చాం: పిల్లల స్కూలు, బాబు మాటలు, ఊరి ప్రయాణం

కొత్త సభ్యురాలు, ఇర్వింగ్:

అందరికీ నమస్కారమండి. ఖమ్మం నుంచి వచ్చి మూడు వారాలైంది. మావారిది హెచ్‌1 ఉద్యోగ వీసా, నాది, పిల్లలది దాని మీద వచ్చే హెచ్‌4. పాప నాలుగో తరగతిలో చేరాలి. బాబుకి ఈ ఆగస్టు 20కి ఐదేళ్లు నిండుతాయి. స్కూలు ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగారు, పిల్లలకి అది లేదు. బాబుకి మాటలు ఇంకా సరిగ్గా రావడం లేదు. ఆ సంగతి ముందే చెబితే సీటు ఇవ్వరేమోనని భయంగా ఉంది. సంక్రాంతికి ఊరెళ్లి, మాఘంలో మా మరిది పెళ్లి చూసుకుని, మొత్తం ఐదు వారాలుండి వద్దామనుకుంటున్నాం. ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో దయచేసి చెప్పండి.

సభ్యుడు, ప్లానో:

ఎస్సెస్సెన్ గడి ఖాళీగా వదిలేయండి మేడమ్. హెచ్‌4 పిల్లలకి అది రాదు, దాని బదులు స్కూల్లోనే టెక్సాస్ నంబరు ఒకటి ఇస్తారు. అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు, పాస్‌పోర్టులు, టీకాల కార్డు, పాప పాత స్కూలు టీసీ, మార్కుల కాగితాలు పట్టుకెళ్లండి. సెప్టెంబరు 1కి ఐదు నిండితే చాలు కాబట్టి బాబుకి కిండర్‌గార్టెన్ వస్తుంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని అడిగినచోట మాత్రం ఇంగ్లిష్ అని రాసేయండి, లేకపోతే ఈఎస్‌ఎల్‌లో, అంటే ఇంగ్లిష్ సరిగ్గా రాని పిల్లల క్లాసులో, వేస్తారు. మేం అలాగే రాశాం.

సభ్యురాలు, ఫ్రిస్కో:

చెల్లెమ్మా, కాగితాల గురించి ప్లానో తమ్ముడు చెప్పినదంతా సరైనదే. భాష దగ్గర మాత్రం ఆ మాట వినకండి. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు సీటు సంగతి. మన దగ్గరిలా ఇక్కడ పబ్లిక్ స్కూల్లో సీటు ఇవ్వడం, ఇవ్వకపోవడం అంటూ ఉండదు. మీ ఇల్లు ఆ హద్దులో ఉంటే మీ బాబు ఆ స్కూలు పిల్లాడే. వీసా కాగితాలు లేని పిల్లలనైనా చేర్చుకోవాల్సిందేనని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్లైలర్ వర్సెస్ డో అనే ఆ కేసు పుట్టింది మనకి తూర్పునున్న టైలర్ ఊళ్లోనే. మాట రాలేదని, నడక రాలేదని చేర్చుకోకుండా ఉండడానికీ వీల్లేదు. ఆ పిల్లల కోసం 1975 నుంచి ప్రత్యేకంగా కేంద్ర చట్టం ఉంది. ఇప్పుడు దాన్నే ఐడియా అంటారు. స్కూళ్లలో అది మూడేళ్లు నిండిన పిల్లల నుంచే వర్తిస్తుంది. కాబట్టి దాచకండి.

టీకాల కార్డు ఒకసారి తీసి చూడండి. ఇక్కడ చికెన్‌పాక్స్, హెపటైటిస్ ఏ రెండేసి డోసులు అడుగుతారు. మన సర్కారు టీకాల్లో ఆ రెండూ లేవు, ప్రైవేటు డాక్టరు దగ్గర వేయించి ఉంటేనే కార్డులో ఉంటాయి. తేదీలు స్పష్టంగా ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో అన్ని ఫారాల్లో అలాగే రాయండి.

ఇక భాష. మా పెద్దవాడు కిండర్‌గార్టెన్‌లో చేరేనాటికి నీళ్లని ‘నీయు’ అనేవాడు, బస్సుని ‘బత్తు’ అనేవాడు. ఏం కావాలో చెప్పలేక నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్లి, తలుపు మీద అరచేత్తో కొట్టేవాడు. నాకూ ఎవరో ఇదే సలహా ఇస్తే ఇంటి భాష ఇంగ్లిష్ అని రాశాను. అక్టోబరు మీటింగులో టీచరమ్మకి నోటిమాటగా నా బాధ చెప్పుకున్నాను. రెండు భాషల ఇంట్లో ఆలస్యం మామూలేనమ్మా, ఈ ఏడు చూద్దాం అన్నారు. నమ్మాను. మే నెలలో మళ్లీ వెళ్లి అడిగితే, నేను అక్టోబరులో అడిగినట్టు ఫైల్లో ఒక్క ముక్క లేదు. వాడికి ఒక ఏడాది పోయింది. ఆ ఏడాది గురించి ఇప్పటికీ బాధపడుతుంటాను.

తర్వాత తెలిసింది ఏమిటంటే, చట్టం ప్రకారం, వీలైనంతవరకు, పిల్లాడిని పరీక్షించాల్సింది వాడి సొంత భాషలో. తెలుగులో గలగలా మాట్లాడి ఇంగ్లిష్‌లో తడబడితే ఆ భాష కొత్త కాబట్టి అనుకోవచ్చు. తెలుగులోనే మాట కూడకపోతే స్పీచ్ థెరపిస్ట్ చూడాల్సిందే. ఇంటి భాష ఇంగ్లిష్ అని మీరే రాసిస్తే ఆ తేడా పట్టుకునే దారి మీరే మూసినట్టవుతుంది. తెలుగు అని రాస్తే ఇద్దరికీ ఇంగ్లిష్ పరీక్ష పెడతారు, అంతే. పాప తేలిగ్గా గట్టెక్కితే ఈఎస్‌ఎల్ అవసరమే రాదు. వచ్చినా, అక్కర్లేదని మీరు రాసివ్వొచ్చు. ఇప్పటికే తప్పు రాసి ఉంటే చేరిన రెండు వారాల్లోపు, ఆ పరీక్ష పెట్టకముందే, రాతలో దిద్దించుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం: బాబుని పరీక్షించమని అడిగేది కాగితం మీద అడగండి. ఈమెయిల్ చాలు. ప్రిన్సిపల్‌కి, ఇలాంటి పిల్లల ప్రత్యేక చదువు చూసే స్కూలు డిస్ట్రిక్టు స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టరుకి, ఇద్దరికీ ఒకే మెయిల్ పంపండి. అది అందిన రోజు నుంచి 15 స్కూలు రోజుల్లో వాళ్లు మీ సంతకానికి ఫారం అయినా పంపాలి, లేదా ఎందుకు పరీక్షించడం లేదో రాతపూర్వకంగా చెప్పాలి. మీరు సంతకం చేసిచ్చాక 45 స్కూలు రోజుల్లో రిపోర్టు రావాలి. నోటిమాటకి ఈ గడువులేవీ మొదలవవు. టెక్సాస్‌లో ఇది పట్టుబట్టి అడగడానికి ఇంకో కారణముంది. 2004 నుంచి చాలా ఏళ్లు మొత్తం విద్యార్థుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు 8.5 శాతం దాటకూడదన్నట్టు రాష్ట్రం ఒక లెక్క పెట్టింది. 2017లో దాన్ని తీసేశారు, అలా చేయడం చట్టవిరుద్ధమని 2018లో కేంద్ర విద్యాశాఖ తేల్చింది. ‘చూద్దాం’ అన్న మాటకి ఎంతమంది పిల్లల చదువు బలైందో తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది.

రిపోర్టు వచ్చాక ఏఆర్‌డీ మీటింగ్ పెడతారు, బాబుకి స్పెషల్ ఎడ్యుకేషన్ కావాలా, ఏ సాయం ఇవ్వాలి అన్నది అందులోనే తేలుస్తారు. అయిదారుగురు ఒకవైపు కూర్చుని గబగబా చదువుకుంటూ పోతారు. తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలని ముందే అడగండి, అది మీ హక్కు, ఖర్చు వాళ్లదే. ఒప్పుకోబుద్ధి కాకపోతే ఆ రోజే సంతకం పెట్టకండి, 10 స్కూలు రోజుల దాకా ఆగి మళ్లీ కూర్చునే వీలుంది. వాళ్ల పరీక్ష తప్పనిపిస్తే బయటి నిపుణులతో డిస్ట్రిక్టు ఖర్చు మీదే చేయించమని అడగొచ్చు. ఇదంతా స్కూలు చదువులో భాగమే.

సభ్యుడు, ప్లానో:

థాంక్స్ అక్కా. ఇది మాకూ తెలియదు. మా వాడు చేరి పది రోజులే అయింది, పరీక్ష ఇంకా పెట్టలేదు. రేపే మెయిల్ పెట్టి దిద్దిస్తాను.

కొత్త సభ్యురాలు, ఇర్వింగ్:

అక్కా, చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. మా వాడూ అచ్చం అలాగే చెయ్యి పట్టి లాగుతాడు. మెయిల్లో ఏం రాయాలి? ప్రయాణం సంగతి కూడా చెప్పరా?

సభ్యురాలు, ఫ్రిస్కో:

పెద్ద ఇంగ్లిష్ అక్కర్లేదమ్మా. మా బాబుకి స్పెషల్ ఎడ్యుకేషన్ కింద పూర్తి ఎవాల్యుయేషన్ చేయమని రాతపూర్వకంగా కోరుతున్నాం, ఇంటి భాష తెలుగు, తెలుగులోనూ మాటలు ఆలస్యంగా ఉన్నాయి, పరీక్ష తెలుగులో కూడా జరగాలి అని రాయండి. కింద బాబు పలికే మాటలు నాలుగు, ఆ చెయ్యి పట్టి లాగడం, ఉన్నదున్నట్టు రాయండి. పేరు, పుట్టినతేదీ, ఆ రోజు తేదీ మర్చిపోవద్దు.

ప్రయాణం మాత్రం తగ్గించుకోండి. సంక్రాంతి రోజు పండగ కింద సెలవు రాసివ్వొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. పెళ్లికీ, ఊరి ప్రయాణానికీ అలా కుదరదు. ఆరు నెలల్లో 10 రోజులు అనుమతి లేకుండా మానేస్తే హాజరు కేసు అవుతుంది, తల్లిదండ్రులకి మొదటిసారి 100 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. 90 శాతం హాజరు లేకపోతే ఆ తరగతి లెక్కలోకి రావడమే కష్టమవుతుంది. కొన్ని స్కూళ్లు పేరు తీసేసి తిరిగొచ్చాక మళ్లీ చేర్చుకుంటాయి. పైగా పరీక్ష గడువు నడుస్తుండగా బాబు మూడు రోజులు, అంతకుమించి మానేస్తే ఆ రోజులన్నీ గడువుకి కలుస్తాయి. సంక్రాంతి ఇక్కడే చేసుకుని, పెళ్లికి నాలుగు రోజుల ముందు వెళ్లి రండి. అత్తగారికి చెప్పడం కష్టమే, తెలుసు. బాబు కోసమని చెప్పండి.

మెయిల్ పంపిన రోజు ఇక్కడ ఒక మాట రాయండి. ఆ 15 రోజులు మీతో పాటు నేనూ లెక్కపెడతాను.