మినీ పీసీలు టెస్టింగ్ ర్యాక్‌లోనే రీస్టార్ట్ అవుతున్నాయి, అర్జెంట్

ఆటోనగర్_అసెంబ్లీ:
పొద్దున పదకొండు నుంచి దీని మీదే కూర్చున్నానండి, ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. గుంటూరు కోచింగ్ సెంటర్ ఒకదానికి 40 మినీ పీసీలు ఇవ్వాలి, శుక్రవారం డెలివరీ. ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న బోర్డు, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. బిగింపు అయిపోయింది. పదేసి చొప్పున ర్యాక్‌లో పెట్టి ఫుల్ లోడ్ మీద నడుపుతుంటే సీపీయూలు వాటంతటవే రీస్టార్ట్. పదింట్లో మూడో నాలుగో. ఒకటి పది నిమిషాలకి, ఇంకోటి గంటకి. ర్యామ్ మార్చా, చిప్ మీది థర్మల్ పేస్ట్ తుడిచి మళ్ళీ పూశా, విండోస్ మళ్ళీ ఎక్కించా. బుర్ర పనిచేయట్లేదు.

మెమ్‌టెస్ట్_మావ:
సీపీయూ అంటే చిప్పా, డబ్బానా?

ఆటోనగర్_అసెంబ్లీ:
డబ్బానేనండి. అందరూ అదేగా అంటారు.

మెమ్‌టెస్ట్_మావ:
అందరూ అంటే కొనేవాళ్ళు. బిగించేవాడివి నువ్వు కూడా డబ్బాని సీపీయూ అంటే, "సీపీయూ కాలిపోతోంది" అన్నప్పుడు ఎక్కడ చెయ్యి పెట్టి చూడాలయ్యా?

బ్రాడీపేట_సిస్టమ్స్:
మేం బిల్లులో కూడా "సీపీయూ - 1" అనే రాస్తాం గురూ. ఇన్నేళ్ళలో ఒక్కడూ అడగలేదు.

మణికట్టు_పట్టీ:
అసలు సంగతి ఎవరూ అడగట్లేదు. బోర్డు పట్టుకునే కుర్రాళ్ళు ఒంట్లో స్టాటిక్ భూమిలోకి పోయేలా మణికట్టుకి పట్టీ కట్టుకుంటున్నారా? మనకి చురుక్కుమని తెలియాలంటే దాదాపు 3000 వోల్టుల స్టాటిక్ ఉండాలి. కొన్ని చిప్‌లకి అందులో ముప్ఫయ్యో వంతు చాలు. పైగా వెంటనే చావవు, లోపల గాయమై తర్వాతెప్పుడో పోతాయి. పట్టీ తీగలో 1 మెగా ఓమ్ రెసిస్టర్ ఉంటుంది, అది మనిషికి షాక్ కొట్టకుండా. కొందరు అది తీసేసి ఉత్త తీగ కడతారు, మహా పాపం.

స్క్రూడ్రైవర్:
అడాప్టర్ ఏది?

ఆటోనగర్_అసెంబ్లీ:
@మణికట్టు_పట్టీ మ్యాట్ ఉందండి, పట్టీ కూడా ఉంది. మేకుకి వేలాడుతోంది. ఈ ఉక్కకి కట్టుకోమంటే వాళ్ళు వినరు.

పాత_లైన్_సూపర్‌వైజర్:
నేను శ్రీపెరంబుదూరు వైపు లైన్‌లో చేశాను. బోర్డు ఓవెన్‌లోంచి వచ్చాక (సీసం లేని టంకం 217 డిగ్రీలకి కరుగుతుంది, ఓవెన్ ఇంకాస్త పైకి వెళ్తుంది) ముందు కెమెరా చూస్తుంది, తర్వాత డబ్బాలో బిగింపు, ఆ తర్వాత ఏజింగ్ రూమ్, అంటే వేడి గదిలో గంటల తరబడి నడిపి చూడటం. పుట్టగానే పోయే బోర్డులు మన దగ్గరే పోవాలి, కస్టమర్ ఇంట్లో కాదు, అందుకే ఏజింగ్. మా గదిలో 40 డిగ్రీలు పెట్టేవాళ్ళు. మే నెల బెజవాడలో మీకు ఆ గది కట్టే ఖర్చు లేదు.

మెమ్‌టెస్ట్_మావ:
దాన్ని బర్న్-ఇన్ అంటారండి.

పాత_లైన్_సూపర్‌వైజర్:
మా లైన్‌లో ఏజింగే బాబూ. తలుపు మీద బోర్డు కూడా అదే.

ఆటోనగర్_అసెంబ్లీ:
పేరు ఏదైనా పెట్టుకోండి, వేడి వల్లేనా కాదా చెప్పండి.

స్క్రూడ్రైవర్:
కాదు. వేడెక్కితే చిప్ ముందు స్పీడ్ తగ్గించుకుంటుంది. అడాప్టర్ ఏదని అడిగా.

ఆటోనగర్_అసెంబ్లీ:
12 వోల్టులదే.

స్క్రూడ్రైవర్:
ఆంపియర్లు?

ఆటోనగర్_అసెంబ్లీ:
కంపెనీది 3 ఆంపియర్లు. అది సీలు ప్యాక్, విప్పితే కస్టమర్ పాతదంటాడని తీయలేదు. ర్యాక్‌కి సీసీ కెమెరాల అడాప్టర్లు పెట్టాం, 2 ఆంపియర్లవి. పిన్ను సరిగ్గా పట్టింది. ఎన్100 అంటే 6 వాట్లేగా?

స్క్రూడ్రైవర్:
6 చిప్‌కి. అదీ నిలకడగా. బోర్డు సెట్టింగ్‌ని బట్టి కాసేపు 20 దాటి లాగుతుంది. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాను, యూఎస్‌బీ వేరే. నీ అడాప్టర్ ఇచ్చేది 12 ఇంటూ 2, 24 వాట్లే. విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 (సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందనే నోటు) ఉందా? అందులో బగ్‌చెక్ కోడ్ 0 అయితే, అంటే బ్లూ స్క్రీన్ ఎర్రర్ ఏదీ నమోదు కాకపోతే, కరెంటు చూడు.

పాత_లైన్_సూపర్‌వైజర్:
ఆ పీసీతో పాటు పోయే అడాప్టర్‌తోనే పరీక్షించాలయ్యా. లేకపోతే అడాప్టర్‌ని ఎవరు పరీక్షించినట్టు?

మెమ్‌టెస్ట్_మావ:
పనిలో పనిగా ర్యామ్ పరీక్షించే మెమ్‌టెస్ట్ నాలుగు పాస్‌లు కూడా.

ఆటోనగర్_అసెంబ్లీ:
41 ఉంది, కోడ్ 0. సీలు విప్పి పెట్టా, పదీ రాత్రంతా నడిచాయి. రెండో పదిలో ఒకటి మాత్రం ఇంకా పోతోంది, పక్కన పెట్టా. థాంక్స్ అండీ, ప్యాకింగ్‌లో ఉన్నా.

మణికట్టు_పట్టీ:
ఆ ఒక్కటీ పట్టీ లేకుండా పట్టుకున్నదే.

బ్రాడీపేట_సిస్టమ్స్:
ఆ 2 ఆంపియర్లవి అమ్మేస్తావా గురూ? కెమెరాల పని ఒకటుంది.