మోటార్‌హోమ్ వెనక కారు లాగేటప్పుడు బ్రేకుల సంగతేంటి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మా మోటార్‌హోమ్ (ఇల్లులా వాడుకునే పెద్ద బండి) వెనక చిన్న కారును నాలుగు చక్రాలూ రోడ్డు మీదే ఉండేలా టో బార్‌తో (రెండు బండ్లనూ కలిపే కడ్డీ) లాగాలనుకుంటున్నాం. మాన్యువల్ గేర్ల కారు. న్యూట్రల్‌లో ఇలా లాగవచ్చని దాని పుస్తకంలోనే ఉంది కాబట్టి గేర్‌బాక్స్ గురించి బెంగ లేదు.

నా టెన్షన్ అంతా బ్రేకులే. కారు బరువు 1,200 కిలోలు. నిన్న ఖాళీ స్థలంలో మెల్లగా లాగి చూశాం. బ్రేకు నొక్కగానే వెనక నుంచి ఎవరో నెట్టినట్టు బండి ముందుకు జరిగింది. నెమ్మదిగా వెళ్తేనే ఇలా ఉంటే, పిల్లలతో ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఎలా? కారుకు విడిగా బ్రేకు పరికరం పెట్టించక తప్పదు. కారులో పెడితే దాని బ్రేకు పెడల్‌ను నొక్కే పెట్టె మేలా, కారులోనే శాశ్వతంగా బిగించేదా? ఇంజిన్ ఆపి ఉంటే పెడల్ రాయిలా గట్టిపడుతుంది కదా, అప్పుడు ఆ పెట్టె సరిగ్గా పనిచేస్తుందా?

ఇంకొకటి. టో బార్ సమంగా లేదు, కారు వైపు 5 అంగుళాలు కిందికి వాలింది. డ్రాప్ హిచ్ (మోటార్‌హోమ్ వైపు బార్ తగిలించే చోటును కిందికి దించే ముక్క) వేస్తే సరిపోతుందా? భద్రత కోసం పెట్టే గొలుసులను బార్ కింద ఒకదానికొకటి అడ్డంగా వచ్చేలా తగిలించాం. కారు ఊడిపోతే దాని బ్రేకులు వాటంతటవే పడేలా చేసే తీగ మాత్రం ఇంకా పెట్టలేదు. అది ఎంత పొడవు ఉండాలి? మలుపుల్లో తీగ బిగిసి బ్రేకులు పడిపోకూడదు కదా. అది పెట్టేదాకా బండి బయటికి తీయను.