ఆర్‌వీ-9ఏ ప్యానెల్ కట్ చేయించే ముందు మీ అనుభవాలు చెప్పండి

డాలస్_రివెట్: అందరికీ నమస్కారం. ఇంట్లో కిట్‌తో కట్టుకుంటున్న నా రెండు సీట్ల చిన్న విమానం ఆర్‌వీ-9ఏకి రెక్కలు, బాడీ అయిపోయాయి. ఇంజిన్ ఓ-320. వచ్చే నెల పైలట్ ముందు మీటర్లుండే ప్యానెల్ రేకు కట్ చేయించాలి. 10 అంగుళాల స్క్రీన్లు రెండు పెట్టనా, ఒకటి పెట్టి పక్కన గుండ్రటి మీటర్లు ఉంచనా? స్విచ్చులు ఎడమవైపా, మధ్యలోనా? బ్యాకప్‌కి ఏం పెట్టుకున్నారు? రంగు ఏది?

మెరుపుతీగ: స్క్రీన్ల సంగతి తర్వాత, కానపీ (తలపై అద్దాల కప్పు) ఏది? నాది స్లైడర్, వెనక్కి జరిగే రకం. ముందు భాగం పైరేకు రివెట్ చేసేశాక ప్యానెల్ వెనక ఒక్క వైరు ముట్టుకోవాలన్నా కాళ్లతో తొక్కే రడ్డర్ పెడల్స్ మధ్య తల దూర్చి వెల్లకిలా పడుకోవాలి. ఒక్క పిన్ను వదులైనందుకు నాకు మూడు శనివారాలు పోయాయి, మెడ పట్టేసింది. ప్రతి పెట్టెకీ వెనక మూరెడు వైరు అదనంగా వదలండి. స్క్రూలు విప్పి లాగితే ఒళ్లోకి రావాలి.

కరెంటు_బాబాయ్: 30 ఏళ్లుగా వైరింగే నా పని, కాబట్టి చెబుతున్నాను. వరసగా ఇరవై సర్క్యూట్ బ్రేకర్లు పెట్టి ప్యానెల్ నింపకండి. కార్లలో వాడే బ్లేడు ఫ్యూజులు చాలు. బరువు తక్కువ, ఖర్చు తక్కువ.

ఒహాయో_పైలట్: బాబాయ్ గారూ, రాత్రిపూట మబ్బులో ఉండగా ఫ్యూజు పోతే సీటు కింద తడుముకోవాలా? బ్రేకరైతే వేలితో నొక్కితే అయిపోతుంది.

కరెంటు_బాబాయ్: గాల్లో మళ్లీ నొక్కకూడదనే నేను చెప్పేది! బ్రేకరైనా ఫ్యూజైనా కాపాడేది వైరుని, రేడియోని కాదు. 22 గేజి వైరుకి 5 ఆంపియర్లు పెట్టామంటే అందుకే. అది కొట్టేసిందంటే ఎక్కడో ఏదో తగులుతోంది. నొక్కితే పొగొస్తుంది.

ఒహాయో_పైలట్: ముక్కు పైకీ కిందికీ సర్దే ట్రిమ్ మోటారు ఆగకుండా తిరిగితే? నాకు ఒకసారి అయింది. ముక్కు కిందికి వెళ్లిపోతోంది, కంట్రోల్ స్టిక్‌ని రెండు చేతులతో పట్టుకున్నాను. పక్కన మా ఆవిడ బ్రేకర్ లాగబట్టి బయటపడ్డాం. ఆ రోజు అది లేకపోతే ఈ మాట రాసేవాణ్ణి కాదు.

కరెంటు_బాబాయ్: దానికి ఒక కట్ఆఫ్ స్విచ్చు చాలు.

ఒహాయో_పైలట్: మీరు గాల్లో ఎన్ని గంటలున్నారో చెప్పి మాట్లాడండి.

సియాటెల్_పిచ్చుక: అన్నలూ, చాలు. కంపాస్ గురించి ఒక మాట. నాది ఉత్తరం చూస్తే 25 డిగ్రీలు తేడా చూపించేది. దాన్నే తిట్టుకుంటూ రెండోది కొన్నాను. అదీ అంతే. చివరికి దారానికి చిన్న అయస్కాంతం కట్టి ప్యానెల్ పైన ఒక్కో స్క్రూ దగ్గరా వేలాడదీశాను. మూడో స్క్రూకి టక్కున అతుక్కుంది. మామూలు ఉక్కు స్క్రూ! ఇత్తడివి వేశాక 4 డిగ్రీలకు దిగింది.

హైదరాబాద్_సిమ్: నేను ఇంట్లో సిమ్యులేటర్ ప్యానెల్ చేస్తున్నానండీ. అక్రిలిక్ షీటు సరిపోతుందా?

మెరుపుతీగ: సిమ్యులేటర్‌కి బాగుంటుంది తమ్ముడూ. విమానానికి మాత్రం 2024-టీ3 అల్యూమినియమే.

కరెంటు_బాబాయ్: కంపాస్ తప్పనిసరేం కాదు, స్క్రీన్‌లో ఉంది కదా.

సియాటెల్_పిచ్చుక: ఇన్‌స్పెక్టర్‌ని అడక్కుండా అలా చెప్పకండి. ఏ మీటర్లుండాలో చెప్పే అమెరికా విమానయాన రూలు 91.205 రాసింది స్టాండర్డ్ సర్టిఫికెట్ విమానాలకు. ఇంట్లో కట్టిన మనవాటికి విమానంతో ఇచ్చే ఆపరేటింగ్ లిమిటేషన్స్ పత్రంలో ఏం రాసిస్తే అదే రూలు. రాత్రిపూట, ఐఎఫ్‌ఆర్‌లో (బయట చూడకుండా మీటర్లను బట్టి) ఎగరాలంటే 91.205 ప్రకారం ఉండాలని అందులోనే ఉంటుంది.

డాలస్_రివెట్: అందరికీ థాంక్స్. నాది టిప్-అప్, అంటే పైకి లేచే కానపీ, ప్యానెల్ వెనక భాగం చేతికి అందుతుంది. నిన్న ప్యానెల్ సైజుకి అట్ట కోసి, స్క్రీన్లు గీసి, సీట్లో కుషన్ వేసుకుని బెల్టు పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను. స్టిక్ పూర్తిగా ముందుకు తోస్తే నా పిడికిలి మధ్యలోని స్విచ్చులకు తగులుతోంది. అవి ఎడమవైపుకే. కుడివైపు స్క్రీన్‌లో అంకెలు వంగి చూస్తే తప్ప కనబడటం లేదు. కాబట్టి ఒక్కటే స్క్రీన్, పక్కన బ్యాకప్‌కి సొంత బ్యాటరీ ఉన్న గార్మిన్ జీ5 చిన్న స్క్రీన్. ట్రిమ్‌కి మాత్రం లాగే బ్రేకర్, మిగతావన్నీ ఫ్యూజులే. రంగు ఇంకా తేలలేదు.

ఒహాయో_పైలట్: మెరవని బూడిద రంగు వెయ్యండి. నాది నిగనిగలాడే నలుపు, సాయంత్రం పడమటికి దిగుతుంటే ప్యానెలంతా నా తెల్లచొక్కాయే కనబడుతుంది. ట్రిమ్ బ్రేకర్ మాత్రం మీ కుడిచేతికి అందే చోట పెట్టండి, పక్క సీట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండరు.